‘హనోయ్‌లో ఇలా ఉండదు’ అనేవాళ్లతో నా పేచీ

వియత్నామీ రెస్టారెంట్‌లో భోజనానికి కూర్చున్నప్పుడు నాకు అస్సలు నచ్చని మాట ఒకటుంది: ‘ఇది అసలైన ఫో కాదు’ అనేది. వియత్నాం టూర్ వెళ్లొచ్చినవాళ్లు, యూట్యూబ్‌లో హనోయ్ వీధుల వీడియోలు బాగా చూసినవాళ్లు ఈ మాట ఎక్కువగా అంటారు. ఫో అంటే ఎముకల సూప్‌లో బియ్యపు నూడుల్స్, మాంసం వేసి ఇచ్చే వియత్నామీ వంటకం. ఆ గిన్నె బల్ల మీదకు వస్తుంది. దాని పక్కనే ఆకుల పళ్లెం, పెసర మొలకలు, నిమ్మచెక్కలు, ఎర్ర సాస్ సీసా. వాటిని చూసి తల అడ్డంగా ఊపుతారు. ‘హనోయ్‌లో ఇలా ఉండదు, తెలుసా?’ అంటారు. నిజమే, హనోయ్‌లో అలా ఉండదు. కానీ అందులోంచి వాళ్లు తీసే తీర్పు సరైంది కాదు. మా ఇంటి దగ్గర్లో ఉన్న చిన్న వియత్నామీ రెస్టారెంట్‌కి నేను తరచూ వెళ్తాను. ఆ బల్లల దగ్గర ఈ తీర్పు విన్నప్పుడల్లా అక్కడ పనిచేసేవాళ్ల తరఫున బాధ కలుగుతుంది. అందుకే దీని గురించి కాస్త వివరంగా రాస్తున్నాను.

ఫో పుట్టింది ఉత్తర వియత్నాంలోనే. 20వ శతాబ్దం మొదట్లో, ఫ్రెంచి పాలనలో, నామ్ దిన్, హనోయ్ ప్రాంతాల్లో. అంతకు ముందు అక్కడి రైతులకు పశువులంటే పొలం పనికి ఆసరా, తిండికి పెద్దగా వాడేవాళ్లు కాదు. ఫ్రెంచివాళ్లకు బీఫ్ కావాలి కాబట్టి పశువుల్ని కోయడం పెరిగింది. వాళ్లు వదిలేసిన ఎముకలు, చిల్లర ముక్కలు చౌకగా దొరికాయి. బియ్యపు నూడుల్స్ అప్పటికే ఉన్నాయి. వేడి సూప్‌లో నూడుల్స్ వేసి వీధిలో అమ్మడం చైనా నుంచి వచ్చి స్థిరపడినవాళ్లకు అలవాటైన పని. ఇవన్నీ కలిసి, కావడి భుజాన వేసుకుని తిరుగుతూ అమ్మే ఫో తయారైంది. అంటే ‘అసలు’ అని మనం వేలు పెట్టి చూపించే మొదటి గిన్నెలోనే ముగ్గురి చేతులున్నాయి.

హనోయ్ ఫో చూడ్డానికి చాలా నిరాడంబరంగా ఉంటుంది. తేటగా ఉండే సూప్, వెడల్పాటి నూడుల్స్, మాంసం, ఉల్లికాడలు, కాస్త కొత్తిమీర. బల్ల మీద వెల్లుల్లి నానబెట్టిన వెనిగర్, మిరపకాయలు. వంటవాడు ఇచ్చిందే పూర్తయిన వంటకం. తినేవాడు దానికి చేర్చాల్సింది చాలా తక్కువ.

1954లో జెనీవా ఒప్పందం వియత్నాంను 17వ అక్షాంశం దగ్గర కమ్యూనిస్టుల ఉత్తరంగా, వాళ్లను వ్యతిరేకించే దక్షిణంగా రెండుగా విడదీసింది. ఎవరు ఎటు ఉండాలో తేల్చుకోవడానికి 300 రోజుల గడువిచ్చారు. ఆ గడువులో 8 లక్షల నుంచి 10 లక్షల మంది ఉత్తరాన్ని వదిలి దక్షిణానికి వెళ్లారు. వాళ్లతో పాటు ఫో కూడా వెళ్లింది. దక్షిణాదిలోని పెద్ద నగరం సైగాన్‌కి అది అప్పటికే కొంత తెలుసు గానీ, ఊరంతా తినే తిండిగా మారింది మాత్రం ఈ వలస తర్వాతే. సైగాన్ వెనక ఉన్నది మెకాంగ్ డెల్టా. ఆకుకూరలకు, పళ్లకు, చక్కెరకు అక్కడ లోటు లేదు. దక్షిణాదివాళ్లకు సూప్ కాస్త తియ్యగా ఉండాలి, పక్కన పచ్చి ఆకులు దండిగా ఉండాలి, ఎవరికి కావలసినట్టు వాళ్లు కలుపుకోవాలి. థాయ్ బేసిల్, అంచు రంపంలా ఉండే పొడుగాకు కొత్తిమీర, మొలకలు, నిమ్మ, సోయాతో చేసే తియ్యటి హోయ్‌సిన్ సాస్ అన్నీ ఫో పక్కన చేరింది అక్కడే.

అదే కాలంలో హనోయ్‌లో ఏం జరుగుతోందో కూడా చూడాలి. యుద్ధం, రేషన్, ప్రభుత్వమే నడిపే హోటళ్లు. మాంసం దొరక్క ఉత్త నూడుల్స్, సూప్ మాత్రమే పోసి ఇచ్చేవాళ్లు. ఆకాశంలో తిరిగే అమెరికా మానవరహిత విమానాల్ని చూసిన జనం దానికి ‘పైలట్ లేని ఫో’ అని పేరు పెట్టారు. కాబట్టి హనోయ్ ఫోయే అసలుది అనేవాళ్లని నేను అడిగేది ఇదే: ఏ ఏటి హనోయ్? 1930ల కావడి ఫోనా, 1960ల మాంసం లేని ఫోనా, ఇప్పుడు టూరిస్టులు క్యూ కట్టే దుకాణంలోదా?

1975 ఏప్రిల్ 30న ఉత్తరాది కమ్యూనిస్టు సైన్యం చేతిలో సైగాన్ పతనమైంది. ఆ తర్వాత 20 ఏళ్లలో పడవల మీద పారిపోయి ప్రాణాలతో ఏదో ఒక ఒడ్డుకు చేరినవాళ్లే దాదాపు 8 లక్షల మంది. సముద్రంలో పోయినవాళ్ల లెక్క సరిగ్గా ఎవరూ తేల్చలేకపోయారు. కాలిఫోర్నియా ఆరెంజ్ కౌంటీలోని వెస్ట్‌మిన్‌స్టర్, సిడ్నీ పక్కన కాబ్రమాటా, మెల్‌బోర్న్‌లో ఫుట్స్‌క్రే, పారిస్ 13వ వార్డు ఇలా వచ్చినవాళ్లతో పెరిగిన వియత్నామీ పేటలే. వాళ్లలో ఎక్కువమంది దక్షిణాదివాళ్లు. వాళ్లు వండేది సైగాన్ ఫో. అది హనోయ్ ఫోలా లేదని తప్పుపట్టడం వాళ్ల ఊరిని లెక్కలోంచి తీసెయ్యడమే. ఆ ఊరి పేరు కూడా 1976లో మారిపోయింది. హో చి మిన్ సిటీ అయింది. పాత పేరు ఇప్పటికీ రెస్టారెంట్ బోర్డుల మీద, పేటల పేర్లలో వాళ్లు నిలుపుకున్నారు. అలాంటి కొన్ని పేటల్ని వాళ్లు ‘లిటిల్ సైగాన్’ అనే పిలుచుకుంటారు.

బెర్లిన్ సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. పశ్చిమ బెర్లిన్‌కి పడవల్లో తప్పించుకున్న దక్షిణాదివాళ్లు శరణార్థులుగా వచ్చారు. తూర్పు జర్మనీ మాత్రం 1980లో కమ్యూనిస్టు వియత్నాంతో ఒప్పందం చేసుకుని కాంట్రాక్టు కార్మికుల్ని రప్పించుకుంది. 1989 నాటికి వాళ్లు దాదాపు 60,000 మంది. వీళ్లలో ఉత్తరాదివాళ్లు ఎక్కువ. బెర్లిన్ గోడ కూలాక ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, వీళ్ల ఉద్యోగాలు పోయాయి. పొట్టకూటికి చాలామంది చిన్న చిన్న దుకాణాలు, టిఫిన్ బళ్లు పెట్టుకున్నారు. తూర్పు బెర్లిన్‌లో వాళ్లు కట్టుకున్న పెద్ద మార్కెట్‌కి హనోయ్‌లోని దోంగ్ సువాన్ మార్కెట్ పేరే పెట్టారు. ఒకే నగరంలో, ఒకే దేశం నుంచి వచ్చి, ఒకరితో ఒకరు యుద్ధం చేసిన రెండు పక్షాలవాళ్లు రెండు రకాల ఫో వండారు. అందులో దేన్ని నకిలీ అంటాం?

అందుకే కొత్త వియత్నామీ రెస్టారెంట్‌కి వెళ్తే నేను ముందు తెలుసుకునేది నడిపేవాళ్లది ఏ ఊరు అని. మా దగ్గరి రెస్టారెంట్ ఆవిడది డెల్టాలోని ‘మీ థో’ అనే ఊరు. వచ్చినవాళ్లందరూ ఫో అడుగుతారు కాబట్టి ఫో పెడతారు, అది బాగానే ఉంటుంది. కానీ ఆ వంటింట్లో అసలు ప్రాణం పెట్టి చేసేది హు తియు. మీ థో ఆ వంటకానికి పేరున్న ఊరు. పంది ఎముకలతో, ఎండు స్క్విడ్‌తో కాచిన తేలికైన సూప్, నమిలితే సాగే సన్న నూడుల్స్, రొయ్యలు, పైన వేయించిన వెల్లుల్లి. మెనూలో అది ఎక్కడో మూడో పేజీలో, ఫొటో కూడా లేకుండా ఉంటుంది. ‘మీ ఊరిది ఏది?’ అని అడిగితేనే దాని సంగతి చెప్పారు. అడిగినందుకు ఆవిడ ముఖంలో కనిపించిన సంతోషం నాకు బాగా గుర్తు. మధ్య వియత్నాంలోని హువే నుంచి వచ్చినవాళ్లయితే బున్ బో హువే తినాలి: నిమ్మగడ్డి, కారం, పులియబెట్టిన రొయ్యల ముద్ద కలిసిన ఘాటైన సూప్, గుండ్రటి నూడుల్స్. హనోయ్‌వాళ్లయితే బొగ్గుల మీద కాల్చిన పంది మాంసంతో చేసే బున్ చా. ‘ఇక్కడ ఫో ఎలా ఉంటుంది?’ అనే ఒక్క ప్రశ్నతో ప్రతి రెస్టారెంట్‌నీ కొలిస్తే ఇవన్నీ మన నోటిదాకా రాకుండానే పోతాయి.

మెనూలో చైనా వంటకాలు చూసి ముఖం చిట్లించేవాళ్లకీ ఇదే జవాబు. సైగాన్‌లో చో లోన్ అనే పెద్ద చైనీయుల పేట ఉంది. 1978, 79ల్లో పడవలెక్కినవాళ్లలో పెద్ద భాగం ఆ సముదాయంవాళ్లే. వాన్‌టన్ నూడుల్స్ వాళ్ల ఇంటి తిండి. హు తియు కూడా చైనా వలసదారుల నుంచే వచ్చింది.

బల్ల మీదున్న ఆ ఎర్ర సాస్ సీసా, కోడిపుంజు బొమ్మ ఉండేది, దాని గురించీ చెప్పాలి. అది వియత్నాంలో తయారయ్యేది కాదు. దాన్ని శ్రీరాచా అంటారు, అది థాయ్‌లాండ్‌లోని ఒక ఊరి పేరు. ఆ సాస్‌ను లాస్ ఏంజెలెస్‌లో 1980లో మొదలుపెట్టింది డేవిడ్ ట్రాన్ అనే చైనా సంతతి వియత్నామీ శరణార్థి. కంపెనీకి హుయ్ ఫాంగ్ అని పేరు పెట్టారు. ఆయన్ని వియత్నాం దాటించిన సరుకు ఓడ పేరది. 3,300 మందికి పైగా మనుషుల్ని ఎక్కించుకున్న ఆ ఓడ 1978 డిసెంబరులో హాంకాంగ్ చేరితే, రేవులోకి రానివ్వకుండా వారాల తరబడి బయటే నిలిపేశారు. ఆయన మొదట సాస్ అమ్మింది కాలిఫోర్నియాలోని ఆసియా దుకాణాలకు, ఫో హోటళ్లకు. నేను దాన్ని సూప్‌లో పోసుకోను, చిన్న పళ్లెంలో మాంసం ముక్క అద్దుకోవడానికి వాడతాను. ఇష్టం లేకపోతే అసలు ముట్టుకోకపోవచ్చు. కానీ ‘హనోయ్‌లో ఉండదు’ అనే కారణంతో మాత్రం దాన్ని తీసిపారెయ్యలేను. ఆ సీసా హనోయ్‌లో ఎందుకు లేదో దాని మీదున్న ఓడ పేరే చెబుతోంది.

కాఫీ కూడా అంతే. 1857లో ఫ్రెంచి మిషనరీలు కాఫీ మొక్కను వియత్నాంకి తెచ్చారు. తాజా పాలు దొరకడం కష్టం కాబట్టి డబ్బాపాలు కలిపారు. గిన్నెలాంటి చిన్న ఫిల్టర్, దాన్ని ఫిన్ అంటారు, గ్లాసు మీద పెట్టి చుక్కచుక్కగా దించుతారు. వియత్నాం ఇవాళ బ్రెజిల్ తర్వాత ప్రపంచంలో రెండో పెద్ద కాఫీ ఉత్పత్తిదారు. అయినా అమెరికాలోని చాలా వియత్నామీ రెస్టారెంట్లలో వంటింటి అలమరలో కనిపించేది న్యూ ఆర్లీన్స్ నుంచి వచ్చే చికోరీ కాఫీ పసుపు డబ్బా. కారణం సులువే. 1994 దాకా వియత్నాం మీద అమెరికా వాణిజ్య ఆంక్షలుండేవి. సొంత దేశపు కాఫీ దొరకనప్పుడు, ఫ్రెంచి పద్ధతిలో నల్లగా వేయించిన ఆ పొడి నాలుకకు దగ్గరగా అనిపించింది. ఆంక్షలు పోయినా అలవాటు మిగిలింది. ఫిష్ సాస్‌కీ అదే గతి పట్టింది. ఏళ్ల తరబడి ‘ఫూ క్వాక్’ అన్న పేరుతో వాళ్లు కొనుక్కున్న సీసాలు చాలావరకు థాయ్‌లాండ్‌లో తయారైనవి. నిజమైన ఫూ క్వాక్ ద్వీపపు సాస్‌కి యూరప్‌లో ఆ పేరును వేరేవాళ్లు వాడకుండా చట్ట రక్షణ దొరికింది 2012లో.

ఇంతకీ దేన్నీ తప్పుపట్టకూడదనేనా నా వాదన? కాదు. నేను కచ్చితంగా తప్పుపడతాను. కాకపోతే వేరే వాటితో కొలుస్తాను.

మొదటిది సూప్. ఫో రాగానే ఏమీ కలపకుండా ముందు రెండు చెంచాల సూప్ తాగండి. నిమ్మ పిండాక, సాస్ పోశాక వంటవాడి పని మీకు తెలియదు. మంచి సూప్‌కి ఎముకల్ని ముందు ఒక పొంగు రానిచ్చి ఆ నీళ్లు పారబోసి కడుగుతారు. తర్వాత సన్న సెగ మీద గంటల తరబడి, ఆరేడు గంటలైనా, మరగనిస్తారు. తెట్టు కట్టినప్పుడల్లా తీస్తుంటారు. పెద్ద మంట పెడితే సూప్ తెల్లగా మబ్బుగా అయిపోతుంది. అల్లం, ఉల్లిపాయ నేరుగా నిప్పు మీద మాడేదాకా కాల్చి వేస్తారు. అనాసపువ్వు, దాల్చినచెక్క, లవంగాలు, నల్ల యాలకులు, ధనియాలు వేయించి మూటకట్టి వేస్తారు. వీటిలో ఏ ఒక్కటీ ముందుకు తోసుకురాకూడదు. అనాసపువ్వు ఒక్కటే ముక్కుకు కొడుతుంటే ఎముకలకు పెట్టాల్సిన టైమ్ మసాలాతో కప్పిపుచ్చారని అర్థం. ఇంకొకటి, వేడి. పచ్చిగా సన్నగా కోసిన మాంసం గిన్నెలోనే ఉడకాలి. గోరువెచ్చని సూప్ పోసిన చోట నేను రెండోసారి ఫో అడగను.

రెండోది ఆకుల పళ్లెం. ఇది అలంకారం అనుకుని పక్కకు నెట్టేసేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. దక్షిణాది వంటలో ఆకులు వంటకంలో సగం. పుదీనా, థాయ్ బేసిల్, ఊదారంగు పెరిల్లా, కారంగా ఉండే వియత్నామీ కొత్తిమీర, చేప వాసన వచ్చే దియెప్ కా, ఒక్కోదానికీ ఒక జోడీ ఉంది. వేయించిన చా జో రోల్‌ని ఉత్తగా తింటే నూనె తగులుతుంది. లెట్యూస్ ఆకులో పెట్టి, రెండు పుదీనా రెమ్మలు, ఒక పెరిల్లా ఆకు చుట్టి, సాస్‌లో ముంచి తింటే వేడీ చల్లదనం, కరకరా పచ్చిదనం ఒకేసారి నోట్లోకి వస్తాయి. ఫోలో ఆకుల్ని ఒక్కసారే కుమ్మరించకూడదు. కొంచెం కొంచెంగా తుంచి వేసుకుంటూ పోతే గిన్నె మొదట్లో ఒక రుచి, చివర్లో ఒక రుచి. ఒక రెస్టారెంట్‌లో మొదట్లో పళ్లెం నిండా నాలుగు రకాల ఆకులిచ్చేవాళ్లు. క్రమంగా అవి తగ్గి, చివరికి తరిగిన క్యాబేజీ, రెండు వడిలిన బేసిల్ రెమ్మలు మిగిలాయి. అడిగితే, ‘ఎవరూ తినట్లేదు, పారేస్తున్నాం’ అన్నారు. ఆ జవాబులో సగం తప్పు తినేవాళ్లదే. మనం ముట్టుకోకుండా వదిలేసిన పళ్లేలే వాళ్లను అక్కడికి తెచ్చాయి. మిగతా సగం రెస్టారెంట్‌ది. ఎలా తినాలో ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. నేను అక్కడికి వెళ్లడం మానేశాను.

మూడోది నువొక్ చామ్, అద్దుకునే సాస్. ఫిష్ సాస్, నీళ్లు, చక్కెర, నిమ్మరసం, వెల్లుల్లి, మిరపకాయ, అంతే. ఇంత తక్కువ సరుకులతో చేసేది కాబట్టే అశ్రద్ధ వెంటనే బయటపడుతుంది. ఫిష్ సాస్ అంటే నెత్తళ్లు, ఉప్పు. మూడు వంతుల చేపకు ఒక వంతు ఉప్పు లెక్కన పెద్ద కొయ్య పీపాల్లో పొరలు పొరలుగా వేసి ఏడాది దాకా ఊరనిస్తారు. సీసా మీద 40 అని ఉంటే లీటరుకు 40 గ్రాముల నత్రజని ఉందని, అంటే చేప సారం అంత చిక్కగా దిగిందని. పచ్చిగా వాసన చూస్తే భయపడేవాళ్లున్నారు. కలిపాక అది పులుపు, తీపి, ఉప్పు సరిసమానంగా ఉండి మరో చుక్క కావాలనిపించాలి. చక్కెర నీళ్లలా ఉంటే మాత్రం నా దృష్టిలో ఆ వంటిల్లు ఫెయిల్.

శాకాహారులకు ఇక్కడే చిక్కు. మాంసం తీసేసి టోఫూ వేసినంత మాత్రాన ఫో శాకాహారం అయిపోదు. సూప్ ఎముకలది, ఉప్పు ఫిష్ సాస్‌ది. ఈ విషయం చెప్పకుండా ‘టోఫూ ఫో’ అని వడ్డించే చోట్లున్నాయి, దాన్ని నేను క్షమించలేను. తినేవాళ్ల నమ్మకంతో ఆటలాడే పని అది. పైగా వియత్నాంకి గొప్ప శాకాహార సంప్రదాయం ఉంది. బౌద్ధులు చాంద్రమాసంలో మొదటి రోజు, పదిహేనో రోజు మాంసం ముట్టరు. హువే నగరం ఆ వంటకు ప్రసిద్ధి. ముల్లంగి, మష్రూమ్స్, క్యారెట్‌తో కాచిన సూప్, ఫిష్ సాస్ బదులు సోయా సాస్. మెనూలో ‘చాయ్’ అన్న మాట ఉంటే అది టీ కాదు, శాకాహారం. సూప్ దేంతో చేశారో, సాస్‌లో చేప ఉందో లేదో విడిగా అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు.

‘అసలైనది కాదు’ అనే ఫిర్యాదు వెనకాలే చాలాసార్లు ఇంకో ఫిర్యాదు వస్తుంది: ‘ఇంత రేటా?’ అని. వియత్నాంలో వీధి పక్క ప్లాస్టిక్ స్టూల్ మీద కూర్చుని తిన్న ధరతో పోలుస్తారు. ఎముకలు కొని, రాత్రంతా కాచి, రోజూ తాజా ఆకులు కడిగి, గట్టి అద్దె కట్టి, పనివాళ్లకు జీతాలిచ్చే చోట ఆ ధర ఎలా కుదురుతుంది? గిన్నె చేతికందే చివరి నిమిషం మాత్రమే మనకు కనబడుతుంది కాబట్టి అది చవకైన పని అనిపిస్తుంది. ఆ ఒత్తిడి వల్లే సూప్‌లో ఎముకలు తగ్గి పొడులు పెరుగుతున్నాయి, ఆకుల పళ్లెం చిక్కిపోతోంది. చవక కావాలి, అసలుదీ కావాలి అనే కోరిక చివరికి రెంటినీ దక్కనివ్వదు.

హ్యూస్టన్‌లో పుట్టిన వంటకం ఒకటి నా వాదనకు గట్టి సాక్ష్యం. 1975 తర్వాత చాలామంది వియత్నామీ శరణార్థులు టెక్సస్, లూసియానా తీరాల్లో రొయ్యల వేటలో కుదురుకున్నారు. అక్కడ వాళ్లను బతకనివ్వకూడదని కూ క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి దురహంకారుల ముఠా బెదిరింపులకు దిగితే, 1981లో ఆ జాలర్ల సంఘం ఫెడరల్ కోర్టుకెక్కి గెలిచింది. ఆ తీరంలోనే లూసియానావాళ్లు మసాలా నీళ్లలో ఉడికించుకునే క్రాఫిష్‌ను, అంటే పెద్ద రొయ్యలా ఉండే మంచినీటి జీవిని, వండడం వియత్నామీలు నేర్చుకున్నారు. ఉడికిన తర్వాత వెన్న, దండిగా వెల్లుల్లి, కొందరు నిమ్మగడ్డి కూడా వేసి కలపడం మొదలుపెట్టారు. ఇప్పుడది హ్యూస్టన్ పేరు చెబితే గుర్తొచ్చే తిండి. హనోయ్ నుంచి రాలేదు, సైగాన్ నుంచీ రాలేదు. అది వియత్నామీ వంటేనా అని నన్నడిగితే, నామ్ దిన్ కావడివాడి ఫో ఎంత వియత్నామీయో ఇదీ అంతే అంటాను. చేతులకు గ్లౌజులు వేసుకుని తలలు విరిచినా, ఆ వెన్నా వెల్లుల్లీ వేళ్లకు అంటకుండా తినడం మాత్రం కుదరదు. మంచి బట్టలు వేసుకుని వెళ్లకండి.